కారు యాప్‌లో డజను అలర్టులు, వడగళ్లకు మాత్రం ఒక్కటీ లేదు

గత మార్చిలో ఒక ఆదివారం. సాయంత్రం 4.20కి నా ఫోన్‌లో వెదర్ యాప్ తెరిస్తే వాన పడే అవకాశం 15 శాతం అని చూపించింది. 5.05కి నా కారుకు వెనక అద్దం లేదు. బానెట్, రూఫ్, ఎడమవైపు డోర్లు కలిపి 41 సొట్టలు.

ఈ రెండు టైముల మధ్య 45 నిమిషాలు ఉన్నాయి. కారును లోపల పెట్టడానికి పది నిమిషాలు చాలు. అయినా ఎందుకు పెట్టలేదు అన్నదే ఈ ఆర్టికల్. తప్పు సగం నాది. మిగతా సగం మనం డబ్బులు పోసి కొంటున్న స్మార్ట్ ఫీచర్లది.

ముందు ఒప్పుకోవాల్సింది

పదేళ్లుగా ఫోన్లు రివ్యూ చేస్తున్నాను. 15 వేల ఫోన్ కొన్నవాళ్లకి కూడా కేస్ వేయండి, టెంపర్డ్ గ్లాస్ వేయించండి అని చెప్తుంటాను. నా కారు ఆన్‌రోడ్ ధర 14 లక్షలు దాటింది. ఏడేళ్లు దాచుకున్న డబ్బు, పైన లోన్. కొని 14 నెలలైంది. అంత ఇష్టపడి కొన్న బండిని రోజూ ఆకాశం కింద వదిలేస్తున్నాను.

కారణం చాలామందికి తెలిసిందే. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఫ్లాట్‌కి ఒకటే స్లాట్. మా స్లాట్‌లో నాన్న పాత మారుతి ఉంటుంది. అది స్టార్ట్ కాదు, నాన్న అమ్మనివ్వరు. ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు నడిపిన మనిషి సొంతంగా కొనుక్కున్న మొదటి బండి అది. కాబట్టి నా కారు కాంపౌండ్ గోడ పక్కన బయట ఉంటుంది.

ఆ రోజు 4.25కి నాన్న బాల్కనీలో నిలబడి పిలిచారు. "అరేయ్, రాళ్లవాన వచ్చేటట్టుంది. గాలి బందయి సల్లగ తిరిగింది. వాచ్‌మన్‌ని పిలువు. నా బండి బయటికి నూకి నీది లోపల వెట్టు."

నేను ఫోన్ చూపించాను. "15 శాతమే ఉంది నాన్నా."

ఆయన ఇంకోసారి చెప్పలేదు. నేనూ ఇంకోసారి ఆలోచించలేదు.

15 శాతం అంటే అసలు అర్థం ఏంటి?

యాప్ అబద్ధం చెప్పలేదు. నేను దాన్ని అడగకూడని ప్రశ్న అడిగాను.

మన ఫోన్లలోని వెదర్ యాప్‌లు చాలావరకు గ్లోబల్ మోడళ్ల మీద ఆధారపడతాయి. యూరప్ మోడల్ భూమిని సుమారు 9 కిలోమీటర్ల గళ్లుగా, అమెరికా మోడల్ 13 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి లెక్క వేస్తుంది. మన దేశం 2025 మేలో తెచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ ఇంకా మెరుగు, అది 6 కిలోమీటర్ల గళ్లతో నడుస్తుంది. కానీ వడగళ్లు పడే మబ్బు అడ్డంగా కొన్ని కిలోమీటర్లే ఉండొచ్చు, అరగంట నుంచి గంటలోపు పుట్టి చచ్చిపోవచ్చు. మన వీధిలో రాళ్లు పడి పక్క కాలనీలో చినుకు కూడా పడకపోవడం అందుకే.

పైగా ఆ శాతం చెప్పేది వాన పడే అవకాశం మాత్రమే. వడగళ్ల గురించి అది ఏమీ చెప్పదు. ఆ యాప్‌లో వడగళ్లకు ఒక ఐకాన్ కూడా లేదు.

మార్చి, ఏప్రిల్, మే నెలల్లో తెలుగు రాష్ట్రాల్లో ఇది కొత్త విషయం కాదు. నేల కాగిపోయి ఉంటుంది, కింది గాలిలో తేమ చేరుతుంది, పైన గాలి చల్లగా ఉంటుంది. వేడి గాలి నిలువుగా పైకి లేస్తూ నీటి బొట్లను గడ్డకట్టే ఎత్తుకు మోసుకెళ్తుంది. పైన ఉన్నంతసేపూ గడ్డ మీద ఇంకా నీరు పేరుకుని గట్టిపడుతుంది. గాలి మోయలేనంత బరువెక్కాక కింద పడుతుంది. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు పొలాలు మంచు కురిసినట్టు తెల్లబడిన వీడియోలు మనమంతా ఫార్వర్డ్ చేసుకున్నవే.

సైజు సంగతి కూడా తెలుసుకోవాలి. రెండున్నర సెంటీమీటర్ల వడగల్లు గంటకు దాదాపు 40 కిలోమీటర్ల వేగంతో పడుతుంది. సైజు రెట్టింపైతే బరువు 8 రెట్లు అవుతుంది. వేగం కూడా పెరుగుతుంది కాబట్టి దెబ్బలోని శక్తి సుమారు 16 రెట్లు. కారు బానెట్ రేకు మందం మిల్లీమీటర్ కూడా ఉండదు. మిగతా లెక్క మీరే వేసుకోవచ్చు.

ఇక నాన్న చెప్పిన "గాలి బందయి సల్లగ తిరిగింది" అన్న మాట. తర్వాత చదివితే తెలిసింది, ఉరుముల మబ్బు దగ్గరకొచ్చేటప్పుడు దాని లోపలి నుంచి చల్లగాలి కిందికి దిగి ముందుగా మనల్ని తాకుతుంది. ఆయనకు ఆ సంగతి 31 ఏళ్లు స్టీరింగ్ ముందు కూర్చుంటే తెలిసింది.

ఆ పది నిమిషాలు

4.50కి మొదటి రాయి బాల్కనీ రేలింగ్‌కి తగిలింది. నేను హెల్మెట్ పెట్టుకుని కిందికి పరిగెత్తాను. ఇది దయచేసి మీరు చేయొద్దు. చేతి మీద ఒక రాయి పడితే వారం రోజులు వాపు తగ్గలేదు. ఉరుములు ఉన్నప్పుడు బయటికి వెళ్లడం ఇంకా పెద్ద ప్రమాదం.

ఇంకో కామెడీ ఏంటంటే, తాళం ఇంట్లో మర్చిపోయాను. యాప్‌లో అన్‌లాక్ బటన్ ఉంది కదా అని ఫోన్ తీశాను. స్క్రీన్ మీద నీళ్లు. టచ్ ఎక్కడో పెడితే ఎక్కడో పడుతోంది. నేను స్వయంగా "తడిసినా టచ్ బాగానే పనిచేస్తుంది" అని రాసిన ఫోనే అది. అన్‌లాక్ అయ్యేలోపు వెనక అద్దం గింజలు గింజలుగా రాలిపోయింది. ముందు అద్దం లామినేటెడ్ కాబట్టి నిలబడింది. పనోరమిక్ సన్‌రూఫ్ ఎలా బతికిందో నాకు ఇప్పటికీ తెలియదు.

వాన ఆగాక కారు యాప్ నుంచి ఒక నోటిఫికేషన్ వచ్చింది. మీ కారు డోర్ తెరిచి ఉంది అని.

క్లెయిమ్‌లో నన్ను కాపాడింది కెమెరా శాంపిల్స్

వడగళ్ల నష్టానికి కాంప్రహెన్సివ్ పాలసీలో కవర్ ఉంటుంది. మన దేశంలో స్టాండర్డ్ మోటార్ ప్యాకేజీ పాలసీలో వరద, తుఫానులతో పాటు వడగళ్ల వాన పేరు కూడా స్పష్టంగా ఉంటుంది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మాత్రం పైసా రాదు. మీ దగ్గర ఏది ఉందో ఈ రాత్రే చూసుకోండి.

సర్వేయర్ మరుసటి రోజు మిట్టమధ్యాహ్నం వచ్చారు. ఎండలో లెక్కపెడితే 19 సొట్టలు కనిపించాయి. "వీటిలో పాతవి ఎన్ని?" అని కూడా అడిగారు. ఆయన అడగడంలో తప్పు లేదు. పాత సొట్టల్ని కూడా కొత్త క్లెయిమ్‌లో కలిపేవాళ్లు ఉంటారు కదా.

నా అదృష్టం, అంతకు తొమ్మిది రోజుల ముందు ఒక ఫోన్ రివ్యూ కోసం కెమెరా శాంపిల్స్ తీశాను. రిఫ్లెక్షన్లు ఎలా వస్తున్నాయో చూడటానికి నేను ఎప్పుడూ వాడేది నా కారు బానెట్‌నే. ఒరిజినల్ ఫైళ్లు, తేదీ, టైమ్, లొకేషన్‌తో సహా లాప్‌టాప్‌లో ఉన్నాయి. బానెట్ అద్దంలా ఉంది. ఆ ఫొటోలు చూశాక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

రెండోది, రాత్రి సెల్లార్‌లో ట్యూబ్‌లైట్ కింద మళ్లీ ఫొటోలు తీశాను. 19 కాస్తా 41 అయ్యాయి. అనుభవంతో నేర్చుకున్నవి ఇవి:

• సొట్టను ఎదురుగా తీస్తే కనపడదు. పొడవాటి ట్యూబ్‌లైట్ ప్రతిబింబం ప్యానెల్ మీద పడేలా పక్క నుంచి, వంచి తీయండి. గీత ఎక్కడ వంకర తిరిగితే అక్కడ సొట్ట ఉంది.

• అల్ట్రావైడ్ వాడొద్దు, అది గీతల్ని తనే వంచేస్తుంది. మెయిన్ కెమెరాతో తీయండి. ఒక్కో ప్యానెల్‌కి నిదానంగా ఒక వీడియో కూడా తీయండి.

• పక్కన పది రూపాయల నాణెం పెట్టండి. దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు, సైజు ఎవరికైనా అర్థమవుతుంది. దొరికితే వడగళ్ల పక్కన కూడా అదే నాణెం పెట్టి ఫొటో తీసుకోండి, అవి కరిగిపోకముందే.

• వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, తేదీ, లొకేషన్ వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి.

• మూడు నెలలకోసారి ఏ కారణం లేకపోయినా కారు చుట్టూ ఒక వీడియో తీసి పెట్టుకోండి. రెండు నిమిషాల పని.

క్లెయిమ్ చేయాలా, చేతి డబ్బు పెట్టాలా?

సర్వీస్ సెంటర్ ఇచ్చిన ఎస్టిమేట్ 78 వేలు. బానెట్ మార్పు, రూఫ్‌కీ డోర్లకీ కొత్త పెయింట్, వెనక అద్దం. నాకు ఖర్చు కంటే పెయింట్ మాట ఎక్కువ భయం వేసింది. ఫ్యాక్టరీ పెయింట్ పోయిన బండిని రేపు అమ్మబోతే, కొనేవాళ్లు పెయింట్ మందం కొలిచే మీటర్ పెడతారు. యాక్సిడెంట్ బండేమో అని ధర తగ్గిస్తారు.

ఇక్కడ పీడీఆర్ అనే పద్ధతి గురించి తెలుసుకోవాలి. అంటే పెయింట్ ముట్టుకోకుండా సొట్ట తీయడం. రేకు వెనక నుంచి సన్నటి కడ్డీలతో కొంచెం కొంచెంగా నెడతారు, చెయ్యి పట్టని చోట బయట జిగురు ట్యాబ్ అంటించి లాగుతారు. పెయింట్ పగలకుండా ఉంటేనే ఇది కుదురుతుంది. అంచుల దగ్గర, రేకు రెండు పొరలున్న చోట కష్టం. రూఫ్‌కి చేయాలంటే లోపలి సీలింగ్ దించాలి. మీ కారుకి కర్టెన్ ఎయిర్‌బ్యాగ్స్ ఉంటే అవి అక్కడే పక్కన ఉంటాయి కాబట్టి తెలిసినవాళ్లతోనే చేయించుకోండి. ఇనుప రేకుతో పోలిస్తే అల్యూమినియం ప్యానెళ్లు ఈ పద్ధతికి అంత సులువుగా లొంగవు.

పీడీఆర్ చేసే అతను 24 వేలు చెప్పాడు. అద్దం 9,500. మొత్తం 33,500.

ఇప్పుడు ఎన్‌సీబీ లెక్క. క్లెయిమ్ లేకుండా గడిపితే ఓన్ డ్యామేజ్ ప్రీమియంపై డిస్కౌంట్ వరుసగా 20, 25, 35, 45, 50 శాతం వస్తుంది. ఒక్క క్లెయిమ్ చేస్తే మళ్లీ సున్నా నుంచి మొదలు. నా ఓన్ డ్యామేజ్ ప్రీమియం సుమారు 14 వేలు. అది అలాగే ఉంటుందనుకుని ఐదేళ్లు లెక్కవేస్తే, క్లెయిమ్ వల్ల పోయే డిస్కౌంట్ మొత్తం 11,200. కారు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. దీనికి తప్పనిసరి డిడక్టిబుల్ వెయ్యి రూపాయలు కలపండి. 1500 సీసీ దాటిన కార్లకు అది రెండు వేలు. అంటే నా విషయంలో 12 వేలు దాటిన ఏ రిపేరుకైనా క్లెయిమ్ చేయడమే లాభం. ఒక్క అద్దమే పోయి ఉంటే చేసేవాణ్ని కాదు.

జీరో డెప్ ఉంది కాబట్టి నాకు కోతలు పడలేదు. అది లేకపోతే ఒకటి నుంచి రెండేళ్ల కారుకి లోహపు భాగాలపై 10 శాతం, ప్లాస్టిక్, రబ్బరుపై 50 శాతం, పెయింట్ మెటీరియల్ ఖర్చుపై 50 శాతం తరుగుదల కోస్తారు. అద్దాలకు కోత ఉండదు. సర్వేయర్‌తో ముందే మాట్లాడి పీడీఆర్‌కి ఒప్పించాను. బిల్లు కట్టి తర్వాత రీయింబర్స్‌మెంట్ తీసుకున్నాను. 41లో 36 సొట్టలు పోయాయి. అంచుల దగ్గర ఐదు మిగిలాయి.

నా అసలు కంప్లయింట్

సొట్టలు పోయాయి, డబ్బు వచ్చింది. మరి బాధ దేనికి?

నా కారు యాప్ చెప్పే విషయాలు చూడండి. డోర్ తెరిచి ఉందని చెప్తుంది. టైర్‌లో గాలి తగ్గిందని చెప్తుంది. నేను గీసిన హద్దు దాటితే చెప్తుంది. ఎవరైనా కారును లాక్కెళ్తుంటే చెప్తుంది. సర్వీస్ టైమ్ అయిందని వారానికి రెండుసార్లు చెప్తుంది. కారు ఎక్కడ ఉందో దానికి మీటర్ల తేడాతో తెలుసు. అందులో సిమ్ ఉంది. మొదటి కొన్నేళ్ల తర్వాత దానికి నేను ఏటా చందా కూడా కట్టాలి.

మరోపక్క వాతావరణ శాఖ ఉరుములు, వడగళ్ల లాంటి వాటికి మూడు గంటల వరకు వర్తించే నౌకాస్ట్ ఇస్తుంది, రంగులు వేసి మరీ. 2020లో వచ్చిన మౌసమ్ యాప్‌లో అది ఉంది, రాడార్ బొమ్మలూ ఉన్నాయి. విపత్తు నిర్వహణ సంస్థ తెచ్చిన సచేత్ యాప్ ప్రాంతాన్ని బట్టి హెచ్చరికలు పంపుతుంది. ఆ సాయంత్రం 4.30కి ఒక ఫ్రెండ్ తీసిన రాడార్ స్క్రీన్‌షాట్ తర్వాత నాకు పంపాడు. పడమర నుంచి ఎర్రటి ముద్ద ఒకటి మా వైపే వస్తోంది.

అంటే సమాచారం ఉంది, కారు లొకేషన్ ఉంది, నోటిఫికేషన్ పంపే దారి ఉంది. ఈ మూడింటినీ కలిపే పని ఎవరూ చేయలేదు. ఇది టెక్నాలజీ లేక ఆగిన పని కాదు, ఎవరికీ అవసరం అనిపించక ఆగిన పని.

స్విట్జర్లాండ్‌లో భవనాల బీమా సంస్థలు ఒక ఏర్పాటు నడుపుతున్నాయి. వడగళ్ల సూచన రాగానే భవనానికి సిగ్నల్ వెళ్తుంది, కిటికీల బయటి బ్లైండ్లు దెబ్బ తినకుండా వాటంతట అవే పైకి చుట్టుకుంటాయి. అక్కడ కిటికీ పరదాకు ఉన్న తెలివి ఇక్కడ 14 లక్షల కారుకు లేదు. ఒక్క నోటిఫికేషన్ వల్ల వంద కార్లు లోపలికి వెళ్తే ముందు మిగిలేది బీమా కంపెనీ డబ్బే. వాళ్లయినా అడగొచ్చు కదా.

"తప్పుడు అలర్టులు వస్తే జనం విసుక్కుంటారు" అని ఒక వాదన ఉంది. నిజమే, నాలుగుసార్లలో మూడుసార్లు ఏమీ పడకపోవచ్చు. మూడుసార్లు కారు ఊరికే జరిపినందుకు నాకు బాధ లేదు. సర్వీస్ ఆఫర్ల నోటిఫికేషన్లతో పోలిస్తే అది చాలా నయం.

ఒక మాట మాత్రం చెప్పాలి. అదే సాయంత్రం ఊరి నుంచి చిన్నాయన ఫోన్ చేశాడు. తోటలో మామిడి కాయ సగానికి పైగా రాలిపోయింది. నా కారుకి బీమా ఉంది, ఆయన తోటకి లేదు. ఆయనతో మాట్లాడాక నా 41 సొట్టల గురించి చెప్పబుద్ధి కాలేదు. మామిడి తోటను సెల్లార్‌లో పెట్టలేం. కనీసం పెట్టగలిగిన వాటికైనా చెప్పే టైమ్‌కి చెప్పండి అంటున్నాను.

అప్పటిదాకా ఏం చేయాలి?

మార్చి నుంచి మే వరకు మధ్యాహ్నం దాటాక మబ్బు పడితే శాతం చూడొద్దు, రాడార్ చూడండి. రెండు మూడు బొమ్మలు వరుసగా చూస్తే ముద్ద ఎటు కదులుతోందో తెలుస్తుంది. మామూలు కారు కవర్ వడగళ్లను ఆపలేదు. లోపల చోటు లేకపోతే మందపాటి దుప్పట్లు, పరుపు లాంటివి రూఫ్, బానెట్ మీద వేసి కట్టండి, అదీ వాన మొదలుకాకముందే. చెట్టు కింద పెట్టొద్దు. ప్రయాణంలో ఉంటే వేగం తగ్గించండి, కారు వేగం కూడా దెబ్బకు తోడవుతుంది. ఫ్లైఓవర్ కింద రోడ్డుకు అడ్డంగా ఆగి వెనకవాళ్ల ప్రాణం మీదికి తేవొద్దు.

ఇకపై కనెక్టెడ్ కార్ యాప్ ఏది నా చేతికి వచ్చినా మొదట ఈ ఒక్క విషయం చూస్తాను. వడగళ్ల అలర్ట్ లేకపోతే రివ్యూలో ఆ లోపం రాస్తాను.

ఇంట్లో మాత్రం ఒక ఒప్పందం చేసుకున్నాం. మబ్బు పడితే నేను రాడార్ చూస్తాను, నాన్న బాల్కనీలోకి వెళ్లి ఆకాశం చూస్తారు. ఇద్దరిలో ఒక్కరు పడుతుంది అన్నా చాలు, వాచ్‌మన్‌ని పిలిచి మారుతిని బయటికి నెట్టి నా కారు లోపల పెడతాం. ఇప్పటికి నాలుగుసార్లు అలా చేశాం. మూడుసార్లు ఏమీ పడలేదు. నాలుగోసారి చిన్న రాళ్లు పడ్డాయి, మారుతి టాప్ మీద రెండు సొట్టలు మిగిలాయి. నాన్న ఏమీ అనలేదు. నేనే పీడీఆర్ అతనికి ఫోన్ చేశాను.